పొయ్యి ముఖం చూసే మనిషి

నెస్టర్ హలాయ్కో ఎవరింటికి వెళ్ళినా మనిషి ముఖం చూడడు, పొయ్యి ముఖం చూస్తాడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మిగతా అన్ని విధాలా డాఫిన్ ఊళ్ళో అంతటి బుద్ధిమంతుడు లేడు. తాగి వాగడు. చర్చిలో కునికిపాట్లు పడడు. మంచు కురిసిన పొద్దున ముందు పక్కింటి వాకిలి ఊడ్చి, తర్వాత తనది ఊడ్చుకుంటాడు. కానీ తలుపు తీసి "రండి నెస్టర్" అనేలోపే బూట్లు విప్పేసి, మేజోళ్ళతో జారుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోతాడు. పైన నున్నటి గాజు పరిచిన కరెంటు పొయ్యి ముందు నడుం వంచి, చెంప ఆనేంతగా తల వాల్చి, కిటికీ వెలుతురులో ఓరగా చూస్తాడు. అలా చూస్తే ఏ మరకా దాక్కోలేదని ఆయన సిద్ధాంతం.

"మొన్న పాలు పొంగాయి," అంటాడు. "బాగున్నారా" అనేది ఆ తర్వాత.

అందరి చొక్కా జేబులో కలం ఉంటే ఈయన జేబులో గీకుడు బ్లేడు ఉంటుంది. రెండో జేబులో చిన్న సీసాలో వెనిగర్. పంట్లాం జేబులో వంటసోడా పొట్లం, మడతపెట్టిన మెత్తటి గుడ్డ. ఒకసారి విమానం ఎక్కబోతే, తెల్లపొడీ బ్లేడూ చూసిన కావలివాళ్ళు రెండు గంటలు కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. అది వంటసోడా అని తేలేసరికి విమానం వెళ్ళిపోయింది. ఊరికి తిరిగొచ్చి నెల్లాళ్ళు గొణిగాడు. విమానం పోయినందుకు కాదు, బ్లేడు తిరిగి ఇవ్వనందుకు.

ముప్పయ్యేళ్ళు ధాన్యం గోదాములో పనిచేసిన మనిషి. అక్కడ దుమ్ము పేరుకుంటే ఒక్క నిప్పురవ్వకి గోదాము గోదామే పేలిపోతుంది. ఉద్యోగం అయిపోయినా ఆ భయం అయిపోలేదు. గోదాము పోయి పొయ్యి వచ్చింది, అంతే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే, "వచ్చినావిడ ఇనప పెనం తెచ్చి గాజు గీరేస్తే?" అని ఎదురు అడిగాడు. ఆయన సొంత పొయ్యి ఎంత నున్నగా ఉంటుందంటే, ఒకరోజు పిల్లి దానిమీదికెక్కి, కింద ఇంకో పిల్లి కనబడేసరికి దానితో కలబడింది. పిల్లిని తిట్టలేదు నెస్టర్. పంజా గీతలు పడ్డాయేమోనని సాయంత్రం దాకా వెతుక్కున్నాడు.

జనవరిలో ఫాదర్ పావ్లో ఇంటింటికీ తిరిగి పవిత్రజలం చల్లి దీవించేటప్పుడు, నీళ్ళ బిందె మోసేదీ వెనక పాట పాడేదీ నెస్టరే. అందువల్ల ఏడాదికొకసారి ఊళ్ళోని ప్రతి పొయ్యీ ఆయన కంట పడాల్సిందే. కిందటేడు ఫాదర్ చల్లుకుంటూ ముందు వెళ్తుంటే, ఈయన తుడుచుకుంటూ వెనక వచ్చాడు. నాలుగో ఇంట్లో ఫాదర్‌కి ఓపిక పోయింది.

"నెస్టర్, నేను దీవిస్తూ ఉంటే నువ్వు తుడిచేస్తూ ఉన్నావు. పైన దేవుడు ఏమనుకుంటాడు?"

"మన నీళ్ళల్లో సున్నం ఎక్కువ ఫాదర్. ఆరితే తెల్లచుక్కలు పడతాయి. దీవెన ఉండిపోనీండి, చుక్కలు పోనీండి."

ఇలాంటి మనిషిని ఆరునెలలుగా ఇంట్లోకి రానివ్వకుండా కాచుకొస్తోంది దార్కా.

దార్కాకి యాభై తొమ్మిదేళ్ళు. ఆమే నెస్టరూ ఒకప్పుడు ఒకే పసిబిడ్డకి జ్ఞానస్నానంలో తల్లీ తండ్రీ స్థానంలో నిలబడ్డారు. వాళ్ళలో అది చుట్టరికం కిందే లెక్క. ఆమె ఆయన్ని "కూమే" అంటుంది, ఆయన ఆమెని "కూమో" అంటాడు. వేళాకోళమాడే హక్కు ఆ పిలుపుతోపాటే వస్తుంది. ఆమె భర్త వాసిల్‌కీ నెస్టర్‌కీ అయితే పిలుపులే అక్కర్లేదు. గురువారం గురువారం కూర్చుని తిట్టుకునేవాళ్ళు, దాన్నే స్నేహం అనుకునేవాళ్ళు.

వాసిల్ ఏడాదికొక్కసారి, జూలైలో సాస్కటూన్ అనే అడవిపళ్ళు నల్లబడగానే, జామ్ చేస్తానంటూ వంటింట్లోకి దిగేవాడు. మిగతా పదకొండు నెలలూ ఆయనకి ఉప్పు ఎక్కడుంటుందో తెలియదు. పళ్ళు పోసి, చక్కెర కుమ్మరించి, వేడి పూర్తిగా పెంచి, వడగళ్ళ మబ్బేమైనా వస్తోందేమో చూసొస్తానని బయటికి వెళ్ళేవాడు. మబ్బు ఎప్పుడూ వచ్చేది కాదు. జామ్ మాత్రం ఎప్పుడూ పొంగేది. దార్కా ఫోన్ చేసేది. నెస్టర్ మోచేతుల దాకా తొడుగులు వేసుకుని పరుగెత్తుకొచ్చేవాడు. చక్కెర వేడిమీదే గీకెయ్యాలి. చల్లారితే గాజుని పట్టుకుంటుంది, మొండిగా లాగితే గాజు పెచ్చుతో సహా ఊడుతుంది. అందుకని పొగలోనే గీకుతూ తిట్టేవాడు.

"గాడిద కూడా ఒకసారి పడ్డ గోతిలో మళ్ళీ పడదురా వాసిల్."

"గాడిద జామ్ చెయ్యదుగా."

ఇరవై ఏళ్ళు ఇదే మాట, ఇదే జవాబు.

ఈ జూలైలో మాత్రం జామ్ పొంగిన మంగళవారం నెస్టర్ ఊళ్ళో లేడు, చేపల వేటకని సరస్సుకి వెళ్ళాడు. దార్కా గుడ్డ తీసుకుంటే వాసిల్ ఆపాడు. "ఉండనీవే. ఎల్లుండి గురువారం వాడొస్తాడుగా. వాడికీ ఓ పని ఉండొద్దూ." బుధవారం పొద్దున మబ్బు చూడ్డానికి బయటికెళ్ళి మెట్లమీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

గురువారం నెస్టర్ వచ్చాడు, నల్లకోటు వేసుకుని. ఆయన గుమ్మం ఎక్కేలోపే దార్కా పొయ్యిమీద కూరగాయలు తరిగే చెక్కపలక బోర్లించేసింది. ఎందుకు చేసిందో అప్పటికి ఆమెకీ తెలియదు.

తర్వాత తెలిసింది. పలక కింద, పొయ్యికున్న నాలుగు కళ్ళలో వెనకవైపు ఎడమ కంటి మీద, గిన్నె అడుగు గీసిన నల్లటి వలయం, ఒక పక్కన కారిన చార. చంద్రుడికి తోక మొలిచినట్టుగా ఉంటుంది. ఆ మరక ఉన్నంతసేపూ, జామ్ చేస్తున్న మనిషి ఇప్పుడే మబ్బు చూడ్డానికి బయటికెళ్ళినట్టుంటుంది. అది పోతే ఇక వెళ్ళిపోయినట్టే.

అందుకని ఆమె వండడం మానేసింది. ఒక కన్ను వెలిగిస్తే ఇంకో కంటి మీద చిందుతుంది, చిందితే తుడవాలి, తుడిస్తే ఇది పోతుంది. రొట్టె టోస్టర్‌లో కాల్చుకునేది, వాసిల్ చేసిన జామ్ రాసుకునేది. క్రిస్మస్ నాటికి ఆఖరి సీసా కూడా అయిపోయింది. అప్పట్నుంచి ఉత్త రొట్టె. పొద్దున్నే పలక ఎత్తి ఒకసారి చూసుకుని మళ్ళీ మూసేది. జూలై ఎప్పుడో వెళ్ళిపోయినా, "చక్కెర ఎక్కడ చచ్చిందే?" అన్న వాసిల్ కేక చెవిలోంచి పోలేదు. వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు "రెండో అరలో" అని జవాబు కూడా చెప్పేది.

గురువారాలు గండంగా మారాయి. మొదటివారం నేలకి రంగు వేశానంది. రెండోవారం జలుబంది, ఆయన ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చాడు. "నీ జలుబు నాకెందుకు కూమో, నేను పొయ్యి దగ్గరుంటాను." ఎలాగో గుమ్మంలోంచే వెనక్కి పంపింది. మూడోవారం ఇద్దరికీ బయట వసారాలోనే కుర్చీలు వేసి, కరెంటు కెటిల్‌లో కాచిన టీ ఇచ్చింది. అప్పుడు ఆగస్టు కాబట్టి బాగానే ఉంది. నవంబరులోనూ వసారాలోనే ఇచ్చింది. ఆయన మీసం గడ్డకట్టింది. గ్లాసులో టీ సగం తాగేలోపు మిగతా సగం చెంచాతో తినాల్సి వచ్చింది. అయినా ఒక్కమాట అనలేదు.

"గాలి బాగుంది," అన్నాడు, పళ్ళు టకటకలాడుతుంటే.

ఈ సంగతి తెలిసింది ఫాదర్ భార్య సోన్యా ఒక్కదానికే; వాళ్ళ చర్చిలో ఫాదర్లు పెళ్ళి చేసుకోవచ్చు. ఆవిడ ఫోన్‌లో మందలించింది. "ఉన్నమాట చెప్పేస్తే పోలేదూ? పాపం ముసలాయన్ని మంచులో కూర్చోబెడుతున్నావు."

"ఏమని చెప్పను సోన్యా? జామ్ మరక దాచుకున్నానని చెప్పనా? సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పైగా ఆయన సంగతి నీకు తెలీదా? మరక అన్న మాట చెవిన పడితే చెయ్యి తనంతట తనే జేబులోకి పోతుంది. నిద్రలో కూడా గీకుతాడు ఆ మనిషి."

"అదీ నిజమేలే," అంది సోన్యా. కిందటి పండక్కి తన వంటింట్లో నెస్టర్ చేసిన పని గుర్తొచ్చింది ఆవిడకి. విందుకొచ్చిన పన్నెండుమంది బల్ల దగ్గర కూర్చుంటే, అన్నం కూరిన క్యాబేజీ ఆకుచుట్టల గిన్నెని పొయ్యిమీద ఈడ్చిందని ఆవిడని నిలబెట్టి గిన్నె ఎత్తడం ఎలాగో మూడుసార్లు చేయించాడు. చుట్టలు చల్లారిపోయాయి.

జనవరి వచ్చింది. ఫాదర్ని వసారాలో కూర్చోబెట్టడానికి లేదు కదా. బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కింద. దార్కా పలకమీద ఒక పూలకుండీ కూడా పెట్టి, కుండీ కింద అల్లికగుడ్డ పరిచి, వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

ఫాదర్ ముందుగది దీవించాడు, పడకగది దీవించాడు, నేలమాళిగ మెట్ల మీద నాలుగు చుక్కలు చల్లాడు. నెస్టర్ బిందె పట్టుకుని గొంతెత్తి పాడుతున్నాడు. ఫాదర్ వంటింటి తలుపు మీద చెయ్యి వేశాడు.

"అక్కడ అక్కర్లేదు ఫాదర్," అంది దార్కా. "నేను ఆ గదిలో పాపాలేమీ చెయ్యను."

"తిండి పుట్టే చోటమ్మా. దాన్ని వదిలేస్తే ఇల్లు దీవించి ఏం లాభం?"

తలుపు తెరుచుకుంది. పాట మధ్యలో తెగిపోయింది. నెస్టర్ పూలకుండీని చూశాడు. కుండీ కింద గుడ్డనీ, గుడ్డ కింద పలకనీ, పలక కింద పొయ్యినీ చూశాడు. చర్చి మెట్లమీద ఎవరో పందిని కడుగుతుంటే చూసినట్టు చూశాడు.

"కూమో. పొయ్యి బల్ల కాదు."

"తెలుసు కూమే. వదిలెయ్యి."

"పట్టుకోండి ఫాదర్," అని బిందె ఆయన చేతిలో పెట్టి, కుండీ దించాడు, గుడ్డ మడతపెట్టాడు, పలక ఎత్తాడు.

ఫాదర్ చేతిలోని నీళ్ళు చల్లే కుంచెలోంచి చుక్కలు నేలమీద పడుతున్న చప్పుడే వినిపించింది. నెస్టర్ నడుం వంచి చెంప వాల్చాడు. వలయం దగ్గర మొదలుపెట్టి తోక కొస దాకా చూపు నడిపించాడు. చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. బ్లేడు బయటికొచ్చింది.

దార్కా ఆయన మణికట్టు పట్టుకుంది. "వాసిల్ చేసింది అది," అంది. పట్టు వదల్లేదు.

నెస్టర్ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. చాలాసేపటికి చూపుడువేలి గోరు మరకమీద ఒకసారి అటూ ఇటూ తిప్పి, లేచి, నడుం సర్దుకుని, రోగిని చూసిన డాక్టరు బంధువులతో మాట్లాడే గొంతు పెట్టాడు.

"ఇది మరక కాదు కూమో. చక్కెర గాజుని కొరికేసింది. లోపలికి దిగిపోయింది. దీన్ని బ్లేడు తియ్యలేదు, సోడా తియ్యలేదు. నేను తియ్యలేను, నన్ను పుట్టించినవాడూ తియ్యలేడు. మన్నించండి ఫాదర్."

"పోదా?"

"వందేళ్ళు వండు దీనిమీద. పొయ్యి పోతుంది గానీ ఇది పోదు." బ్లేడు జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గానీ దార్కా చెయ్యి వదల్లేదు. ఆయన మిగతా మూడు కళ్ళకేసి చూసి మొహం చిట్లించాడు. "దీనికేం కాదు. నాకు అసలు రోగం ఇటువైపు కనబడుతోంది. ఇది దుమ్ము. ఆరునెలల దుమ్ము. మురికి పొయ్యి చూస్తే నాకు కోపమొస్తుంది కూమో, దుమ్ము పట్టిన పొయ్యి చూస్తే భయమేస్తుంది. ఏం తింటున్నావు నువ్వు?"

"రొట్టె."

"పొద్దున?"

"రొట్టె."

"రాత్రికి?"

దార్కా రొట్టె డబ్బాకేసి చూసింది.

"గుర్రానికి కూడా గడ్డి మార్చి వేస్తారు," అన్నాడు నెస్టర్. మెత్తటి గుడ్డ తీసి మూడు కళ్ళూ తుడిచాడు. నాలుగోదాని దరిదాపులకి పోలేదు. ఫాదర్ కుంచె ముంచి, ఎందుకైనా మంచిదని పొయ్యి మీద కాకుండా గోడ మీద చల్లాడు.

వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా చూసి, దార్కా వంటింట్లోకి వచ్చింది. మరక ముందు నిలబడింది. ఆరునెలల్లో ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు. కొరికిన గాజు గుంటపడి ఉండాలి కదా అనుకుని మెల్లగా గోరు ఆనించింది. గుంట తగల్లేదు. గట్టు తగిలింది. మానుతున్న పుండు మీది పక్కులా పైకి లేచి ఉంది. ఇంకాస్త నొక్కితే ఆవగింజంత పెచ్చు ఊడి గోటిలోకి వచ్చింది. దాని కింద గాజు, కొన్ననాటి గాజులాగే నిగనిగలాడింది.

చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

గాజుకేమీ కాలేదు. సోడా ముద్ద పెట్టి, తడిగుడ్డ కప్పి పావుగంట ఆగితే చాలు, బ్లేడుకి ఇట్టే లేచొస్తుంది. ఆమెకే తెలిసిన సంగతి ఆయనకి తెలియదా. బిషప్ ఎదుట కూడా "మీ పొయ్యి బాగాలేదు" అన్నవాడు, పొయ్యి విషయంలో పుట్టిబుద్ధెరిగి అబద్ధమాడనివాడు, బిందెడు పవిత్రజలం పక్కన పెట్టుకుని, ఫాదర్ కళ్ళముందు, ఎంత నిబ్బరంగా ఆడాడు.

గోటిలోని పెచ్చుని నాలుక మీద వేసుకుంది. తియ్యగా ఉంటుందని ఆశ. శుద్ధ బొగ్గు. చేదు. "నీ వంటెప్పుడూ ఇంతేగా," అంది గట్టిగా, ఖాళీ వంటింటితో. చాన్నాళ్ళ తర్వాత ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అక్కడే కాసేపు నిలబడి, మెట్లవైపు కిటికీలోంచి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. తర్వాత నేలమాళిగలోకి వెళ్ళి బీట్‌రూట్లు తెచ్చుకుంది.

గురువారం నెస్టర్ వచ్చేసరికి వసారాలో కుర్చీలు లేవు. లోపల బీట్‌రూట్లతో బోర్ష్ సూపు ఉడుకుతోంది. ఆరునెలలు చెయ్యి మరిచిన వంట కదా, రెండుసార్లు పొంగింది. పొయ్యి ముందుభాగమంతా హత్య జరిగిన చోటులా ఎర్రగా ఉంది. నెస్టర్ మొహం పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది.

"ఛీ ఛీ ఛీ," అన్నాడు ఆనందంగా. తొడుగులు వేసుకున్నాడు. వెనిగర్ చల్లాడు, సోడా అద్దాడు, తడిగుడ్డ కప్పాడు. గుడ్డ కింద మరక నానేదాకా రెండు గిన్నెల సూపు తాగాడు. "సోయికూర ఎక్కువైంది," అని మూడో గిన్నె పోయించుకున్నాడు. తర్వాత బ్లేడు ఏటవాలుగా పట్టి గీకడం మొదలుపెట్టాడు. ముందు రెండు కళ్ళూ అయ్యాయి. వెనక కుడికన్ను అయింది. ఎడమకన్ను దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. జేబులోంచి చెవిలో పెట్టుకునే దూదిపుల్ల తీసి, పిచ్చుకగూడు చుట్టూ గడ్డి కోసేవాడిలా, వలయం అంచు చుట్టూ తుడిచాడు. తోక చుట్టూ తుడిచాడు. నుదుటిమీద చెమట పట్టింది. బ్లేడు పట్టుకున్న చెయ్యి దానంతటదే అటు జరుగుతుంటే, రెండో చేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు.

దార్కాకి తన వేళాకోళం హక్కు గుర్తొచ్చింది. "ఎందుకైనా మంచిది కూమే, దాన్నీ ఒకసారి గీకి చూడకూడదూ?"

"చెప్పానుగా, లోపలికి దిగిపోయిందని." ఆమెకేసి చూడకుండా అన్నాడు.

"ఎంత లోతు దిగిందంటావు?"

"చాలా," అన్నాడు నెస్టర్. గోడకేసి చూశాడు. "ఆ మంగళవారం నేను ఊళ్ళో ఉండి ఉంటే దిగేది కాదు. గాడిదని ఒక్క తిట్టు తిట్టి ఊడగొట్టేవాణ్ణి."

దార్కా నాలుగో గిన్నె పోసి ఆయన ముందు పెట్టింది. గిన్నె ఖాళీ చేసి, కోటు తొడుక్కుని, వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మంలో ఆగి ఎడమకన్ను వైపు ఓరగా చూశాడు. మనసు చంపుకుని బయటపడ్డాడు.

గంట తర్వాత ఫోన్ మోగింది. సోన్యా గొంతు గుసగుసగా ఉంది.

"దార్కా, మీ ఇంట్లో ఏం జరిగిందే? నెస్టర్ తలుపు కూడా కొట్టకుండా దూసుకొచ్చి మా పొయ్యిమీద పడ్డాడు. పొద్దున్నే తోమానంటే వినడు. ఇప్పటికి మూడుసార్లు తోమాడు. మరక లేకపోతే లేనిచోటే గీకుతున్నాడు. ఫాదర్ గుడ్లు వేయించుకుందామని పెనం పట్టుకుని అరగంట నుంచి నిలబడ్డారు. ఆపమని నువ్వైనా చెప్పు."

"ఆపకు సోన్యా, కడుపునిండా గీకనివ్వు. ఇవాళ ఆయనకి ఇక్కడ చాలా కష్టమైంది," అంది దార్కా. "ఫాదర్ని ఆ పెనం అక్కడ పడేసి ఇటు రమ్మను. గుడ్లు నేను వేయిస్తాను. నా పొయ్యి వేడిగానే ఉంది."